అమావాస్య నాటి మగ్గాలు

ఆ వాడకు అమావాస్య రోజున వెళ్లాలని నిర్ణయించుకున్నది నేనే. ఆ రోజే వెళ్లమని నన్ను ఎవరూ పంపలేదు. ఈ మాట మొదటే రాసుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ఈ సంగతి మనసులో మెదిలినప్పుడల్లా, 'పంపించారు, వెళ్లాను, చూసింది రాశాను' అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

అవి డెబ్బైల చివరి రోజులు. హనుమకొండలో ఒక అద్దె మేడ పై అంతస్తులో నడిచే చిన్న పరిశోధన కేంద్రంలో నేను టెంపరరీ ఇన్వెస్టిగేటర్‌ని. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివి, రెండేళ్లు ట్యూషన్లు చెప్పి, ఎన్నో అప్లికేషన్లు పెట్టాక దొరికిన పని. ప్రభుత్వం ఏదైనా నిర్ణయం తీసుకునే ముందు లెక్కలు కావలసి వస్తే మా కేంద్రానికి రాసేది. పరకాల అంగడికి ఎన్ని ఊళ్ల నుంచి బండ్లు వస్తున్నాయి, ధర్మసాగర్ నీళ్లు ఏ బస్తీలో ఎంతసేపు వస్తున్నాయి, ఇట్లాంటివి. మేము ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లం. తిరిగొచ్చి వాటిని పట్టికలుగా మార్చేవాళ్లం. ఆ పట్టికల మీద మా డైరెక్టరు గారు ఇంగ్లీషులో నివేదిక రాసేవారు. నివేదిక హైదరాబాదు వెళ్లేది. అక్కడ ఎవరో ఒకరు దాని చివరి పేజీలు చదివి సంతకం పెట్టేవారు. మేము తిరిగిన ఊళ్లలో ఏదో ఒకటి మారేది, లేదా మారకుండా ఉండిపోయేది.

ఆ పనంటే నాకు గర్వంగా ఉండేది. నా రాత గుండ్రంగా ఉంటుంది. నా కూడికలు తప్పవు. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉన్నవాణ్ని కనుక ఏ రోజు సంగతి ఆ రోజే కాగితం మీద పెట్టందే నాకు నిద్ర పట్టదు. డైరీలో నేను అభిప్రాయాలు రాయను. తిథి, వాన ఉందా లేదా, ఎక్కడికి పోయాను, ఎవరిని కలిశాను, పని ఎంత అయింది, అంతే.

డైరెక్టరు గారిది కృష్ణా తీరం. ఢిల్లీలో చదువుకుని వచ్చారు. మనిషి మంచివారు, నియమం తప్పితే మాత్రం ఊరుకునేవారు కాదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన మొదటి రోజు చెప్పేది ఒకటే.

"చూడవయ్యా, జనం చెప్పింది రాయకు. నువ్వు కళ్లతో చూసింది రాయి. సర్కారు వాడు వచ్చాడంటే ప్రతి ఒక్కడూ తనకు ఏది లాభమో అదే చెబుతాడు. తప్పు వాళ్లది కాదు. మన పని మాత్రం చూడటం."

ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ దానిలో తప్పేమీ కనబడదు. తప్పంతా నేను దాని వెనక నక్కడంలో ఉంది.

ఆ ఏడాది మాకు వచ్చిన పని నూలు డిపోల మీద. చేనేత సహకార సంఘాలకు నూలు అందించే డిపోలు వరంగల్లులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ కొన్ని ఉండేవి. వాటిలో ఏది ఉంచాలి, ఏది ఎత్తేసి పక్కదానిలో కలపాలి అని ప్రభుత్వం అడిగింది. డిపో అంటే పెద్ద భవనం ఏమీ కాదు. ఒక గది, ఒక త్రాసు, గోడకు ఆనించి పేర్చిన నూలు కట్టలు, వారంలో కొన్ని రోజులు వచ్చే గుమాస్తా. కానీ ఆ గది వాడలో ఉన్నంతకాలం నేతగాడు నూలు తానే తెచ్చుకుని, తన బట్ట తాను నేసి, సంఘానికి ఇచ్చుకునేవాడు. ఆ గది లేకపోతే షావుకారు దగ్గరికి పోవాలి. షావుకారు నూలు ఇస్తాడు, నేత కూలి ఇస్తాడు, బట్ట తీసుకుపోతాడు. మగ్గం ఎవరిదైనా పని షావుకారుది అవుతుంది.

నాకు అప్పగించిన నేతవాడ వరంగల్లు పాత బస్తీ చివర ఉండేది. అక్కడి డిపో ఊరికే రాలేదు. ఆ వాడ సంఘానికి పెద్దగా ఉన్న ఒక నేతగాడు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి తెప్పించుకున్నది. యాభై దాటిన మనిషి. బక్క పలచగా, మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము కాస్త ముందుకు వంగి ఉండేవాడు. వాడలో చిన్నాపెద్దా అందరూ 'మామా' అనేవారు. నేను 'కాకా' అని పిలిచేవాణ్ని.

మొదటిసారి ఆయన ఇంటికి వెళ్లినప్పుడు మామూలు రోజు. వాడ మొదట్లోనే మగ్గాల చప్పుడు మొదలైంది. ఇల్లంటే ముందు అర్ర నిండా మగ్గమే. ఆయన గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. పక్కన ఆయన భార్య రాట్నం మీద కండెలు చుడుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఫారం తెరిచి మొదటి ప్రశ్న చదివాను. ఆయనకు వినబడలేదు. మళ్లీ గట్టిగా చదివాను.

ఆయన నేత ఆపి నవ్వాడు. "మగ్గం మీదున్నోన్ని అడిగితే ఏం చెప్తడు సార్? చెయ్యి ఒక దిక్కు, కాలు ఒక దిక్కు, మనసు పోగు మీద. నడుమ పోగు తెగితే నువ్వతుకుతవా?"

"పోనియ్ తియ్యి, సారును దించు గుంటల, నువ్వు రాసుకో ఆ కాయిదాలు," అంది ఆయన భార్య రాట్నం తిప్పుతూనే.

"మరి ఎప్పుడు రమ్మంటారు కాకా?" అన్నాను.

"అమాసకు రాండ్రి. అమాస నాడు ఎవ్వడు మగ్గమెక్కడు. అందరు ఇండ్లళ్లనే ఉంటరు. సంఘం మీటింగు గూడ ఆనాడే. నేనే ఇంటింటికి తిప్పుత."

నాకు ఆ సలహా బాగా నచ్చింది. ఒక్క రోజులో వాడంతా అయిపోతుంది. డైరీ తీసి వచ్చే అమావాస్య ఎప్పుడో చూసుకుని, ఆ పేజీలో ముందుగానే 'నేతవాడ' అని రాసిపెట్టుకున్నాను. కనుక నాకు తెలియదనడానికి వీల్లేదు.

ఆ రోజు వాడలో చప్పుడు లేదు. ఆడవాళ్లు అర్రలు అలికారు. మగ్గాలను తుడిచి పసుపూ కుంకుమా పెట్టారు. మగవాళ్లు తలంటుకుని అరుగుల మీద కూర్చుని ఉన్నారు, కొందరు పేకాడుతున్నారు. కాకా ఉతికిన చొక్కా వేసుకుని నాతో బయలుదేరాడు. ప్రతి గుమ్మం ముందూ ఆగి ఒకే మాట చెప్పాడు.

"సారు రాస్తాండు. దాపెట్టకుండ అన్ని నిజం చెప్పుండ్రి. ఇది మన డిపో కోసమే."

జనం నమ్మారు. నన్ను కాదు, ఆయనను.

మొదటి ఫారం ఆయన ఇంటిదే రాశాను. అందులో ఒక ప్రశ్న ఇట్లా ఉండేది: 'సందర్శన రోజున మగ్గం పనిచేస్తున్నదా?' పక్కన 'అవును', 'కాదు' అని రెండు గళ్లు. నేను మగ్గం వైపు చూశాను. కుంకుమబొట్టుతో ఊరికే ఉంది.

"మగ్గం నడుస్తున్నదా కాకా?"

ఆయన భార్య పక్కున నవ్వింది. "ఇయ్యాల అమాస గద సారూ, మగ్గం పండుకున్నది. నువ్వు లేపుతవా ఏంది?"

నేనూ నవ్వాను. చూసింది రాయాలి కాబట్టి 'కాదు' అన్న గడిలో గీత పెట్టాను. ఫారం అంచున సన్నగా, పెన్సిలుతో, 'అమావాస్య సెలవు' అని రాశాను. ఫీల్డులో ఫారాలన్నీ పెన్సిలుతోనే నింపేవాళ్లం, వానకు సిరా కారిపోతుందని. రెండో ఇంట్లో అంచున రాయడానికి చోటు లేకపోయింది. మూడో ఇంటికి వచ్చేసరికి, ప్రతి ఫారం మీదా ఇదే ఎందుకు, ఆఫీసులో ఒక్కసారి చెబితే సరిపోతుంది కదా అనుకున్నాను. పొద్దుగూకేలోపల వాడంతా అయింది. అన్ని ఫారాల మీదా 'కాదు'.

ఆ రాత్రి డైరీలో: 'అమావాస్య. ఎండ. నేతవాడ పూర్తి. మగ్గాలు సెలవు. సంఘం పెద్ద ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర.' ఒకే రోజు ఒకే చేయి డైరీలో 'సెలవు' అని, ఫారంలో 'కాదు' అని రాసింది. అప్పుడు ఆ రెండూ నాకు వేరుగా కనిపించలేదు.

పట్టికలు వేయడం నెలన్నర పట్టింది. కంప్యూటర్లు లేని రోజులు. పెద్ద తెల్ల షీట్లు పరిచి, నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత, మళ్లీ నాలుగు. ఫారం అంచున రాసిన మాటలకు ఆ షీట్లలో చోటు లేదు. పరకాల వైపు తిరిగి వచ్చిన నా సహోద్యోగి నా ఎదురుగా కూర్చుని తన షీటు నింపేవాడు. ఒకరోజు నా షీటు మీదికి వంగి చూశాడు.

"ఏమిరా, నీ వాడల మగ్గాలన్ని సమ్మె చేసినయా ఏంది? నా దిక్కు ఊరంత టకటక నడుస్తాన్నయి."

నేను తల ఎత్తలేదు. "చూసింది రాసిన," అన్నాను.

"మంచిగ చూసినవా, జర చత్వారం గిట్ల వచ్చిందా?" అని నవ్వి వాడు తన పనిలో పడ్డాడు.

నాకు ఆ క్షణాన అర్థమైంది. తక్కిన వాళ్లంతా మామూలు రోజుల్లో వెళ్లారు. నా వాడ ఒక్కటే ఆగిపోయిన మగ్గాల వాడగా పట్టికలో తేలబోతోంది. అప్పటికి ఇంకా ఏమీ మించిపోలేదు. ఆ గడిని వదిలేయవచ్చు. ఇంకో రోజు సైకిలు మీద వెళ్లి వాడ మొదట్లో నిలబడి చప్పుడు విన్నా చాలు. కానీ సెలవు రోజు చూసుకుని వెళ్లి మగ్గాలు లెక్కపెట్టి వచ్చినవాడు అని ఆ గదిలో అందరూ నవ్వుతారు. కూడికలు తప్పని మనిషిగా నాకు అప్పటికే పేరు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు కూడా అట్లాగే అనుకున్నాను.

నాలుగో రోజున డైరెక్టరు గారు నన్ను తన గదికి పిలిచారు. బల్ల మీద నా షీటు, దాని పక్కన ఆ డిపో నూలు అమ్మకాల పట్టీ.

"ఇది చూశావా? ఈ వాడలో నూలు నెలనెలా తీసుకుంటూనే ఉన్నారు. మగ్గాలు మాత్రం ఆగి ఉన్నాయి. మరి ఆ నూలు ఎక్కడికి పోతోందయ్యా?"

జవాబు ఆయనే చెప్పారు.

"బయటికి పోతోంది. బ్లాకులో అమ్ముకుంటున్నారు. సర్కారు ఇచ్చే చవక నూలు షావుకార్లకు చేరుతోంది. అందరూ అనుకునేదే. ఇన్నాళ్లూ ఎవరూ చూపించలేకపోయారు. నువ్వు చూపించావు."

ఆయన కళ్లలో ఆ వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. పరిశోధన చేసేవాడి జీవితంలో అట్లాంటి రోజులు ఎక్కువ రావు.

"సార్, ఆ రోజు..." అన్నాను.

"ఆ రోజు ఏమిటి?"

చెప్పవలసిన మాట నాలుక మీదికి వచ్చింది. దాని వెనకే ఇంకో మాట వచ్చి దాన్ని తోసేసింది.

"ఆ రోజు వాడంతా నేనొక్కణ్నే చేశాను సార్. ఒక్క పూట కూడా ఆగకుండా."

"తెలుసయ్యా. అందుకే ఈ అధ్యాయం నువ్వే రాయాలి. నీ పేరు ఉంటుంది. నీ పోస్టు సంగతి కూడా నేను చూస్తాను."

ఆ అధ్యాయం నేనే రాశాను. మంచి ఇంగ్లీషులో, కచ్చితంగా, ఎక్కడా గొంతు పెంచకుండా రాశాను. నూలు దారి మళ్లుతున్నదని నేరుగా అనలేదు. 'సందేహించవలసి వస్తున్నది' అన్నాను. అట్లా రాయడం అప్పటికే నాకు వచ్చు.

తర్వాత హైదరాబాదు నుంచి ఒక అధికారి అసలు ఫారాలు చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. నా కట్ట నేనే సర్దాను. పైన కాకా ఇంటి ఫారం. అంచున పెన్సిలుతో ఆ రెండు మాటలు. నేను సొరుగులోంచి రబ్బరు తీసి వాటిని చెరిపాను. పొడిని అరచేత్తో తుడిచాను. కాగితం చిరగలేదు, మాయలేదు కూడా. అధికారి వచ్చి టీ తాగి, కట్ట పైన ఒకటి రెండు ఫారాలు తిప్పి, "చాలా నీట్‌గా ఉన్నాయి," అని వెళ్లిపోయాడు.

అంతకుముందు చేసిందంతా పొరపాటనీ, భయమనీ, మొహమాటమనీ ఏదో ఒకటి అనుకోవచ్చు. రబ్బరు పట్టుకోవడానికి అట్లాంటి పేరేదీ లేదు.

నాకు పోస్టు పర్మనెంటు అయింది. ఎనభైలు మొదలైన కొంతకాలానికి డిపోల ఉత్తర్వు వచ్చింది. మా కేంద్రానికి ఒక కాపీ పంపారు. ఆ వాడ డిపోను ఎత్తేసి, రైలు పట్టాల అవతల ఉన్న డిపోలో కలిపారు. ఆ కాగితానికి రంధ్రాలు చేసి ఫైలులో పెట్టింది నేనే. ఆ రోజు డైరీలో, 'ఉత్తర్వు వచ్చింది. ఫైలు చేశాను' అని ఉంది. ఏ ఉత్తర్వో రాయలేదు.

నేను మళ్లీ ఆ వాడకు వెళ్లలేదు. అటువైపు పని పడితే చుట్టు తిరిగి వేరే దారిన వెళ్లేవాణ్ని. అవతలి డిపోలో కూడా నూలు దొరుకుతుంది కదా, కొంచెం దూరం, అంతే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ని. ఆ డిపోలో తమ సంఘం వాళ్లకు ఇచ్చాకనే మిగిలినవాళ్లకు ఇస్తారని, మిగిలింది అప్పుడప్పుడే ఉంటుందని నాకు తెలుసు. మా సర్వేలోనే ఉంది.

ఎనభైల నడుమ ఒకరోజు జ్వరానికి మందులు తీసుకోవడానికి పెద్ద దవాఖానకు వెళ్లాను. వరుసలో నా ముందున్న మనిషి వెనక్కి తిరిగి, "సారేనా?" అన్నాడు. కాకా. బాగా చిక్కిపోయాడు. దగ్గు.

"మంచిగున్నరా సార్? ఎన్నేండ్లాయె కనబడక. నౌకరి మంచిగ నడుస్తాందా?"

నేను ఆయన ఆరోగ్యం అడిగాను. ఆయన దాని గురించి రెండు ముక్కలు చెప్పి, వెంటనే తన మనసులో ఉన్నదానికి వచ్చాడు.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. మేము నూలు బయట అమ్ముకుంటాన్నమని రాసిండ్రట గద పైకి. ఆఫీసుల క్లర్కు చెప్పిండు. ఆనాడు మీకు అట్ల ఎవడు చెప్పిండు సార్? మా వాడోడే ఎవడో చెప్పిండు. చెప్పకుంట పైకెట్ల పోతది?"

"ఎవరూ చెప్పలేదు కాకా."

"జర యాది చేసుకోండ్రి. వాడల ఒకనికొకడు మాటలు బందు పెట్టుకున్నరు, నువ్వు చెప్పినవంటే నువ్వు చెప్పినవని. శాన మంది నన్నే అంటాండ్రు. సారును తోల్కొచ్చింది మామనే, ఇంటింటికి తిప్పింది మామనే, ఏదో ఆశకు మామనే చెప్పి ఉంటడని. సంఘం పెద్దరికం తీసేసిండ్రు. అది పోతే పోయింది, ఫికర్ లేదు. ఇప్పుడు మీటింగుకు పోయి కూసుంటే పక్కకు జరుగుతాండ్రు సార్."

దవాఖాన వరుస కదిలింది. మేమిద్దరం కదల్లేదు. వెనక ఉన్నవాళ్లు గొణుగుతూ మమ్మల్ని దాటి వెళ్లారు.

"కాకా, ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను వచ్చింది అమావాస్య నాడు. మగ్గాలు నడవడం లేదని రాశాను. నూలేమో తీసుకుంటున్నారు, మగ్గాలేమో నడవడం లేదు, అందుకని అట్లా అనుకున్నారు."

ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. కోపం కనబడలేదు. పోగు ఎక్కడ తెగిందో వెతికేటప్పుడు నేతగాడు చూసే చూపు అది.

"గంతేనా?" అన్నాడు చివరికి.

"అంతే కాకా."

"అయితే వాడకు రాండ్రి సార్. ఇదే మాట అందరి ముంగట చెప్పుండ్రి. ఎవ్వడు ఏం చెప్పలేదని చెప్పుండ్రి. చాలు."

వెళ్లాను. ఆ మాత్రం చేశాను. ఒక ఆదివారం సాయంత్రం ఆయన ఇంటి ముందు వాడంతా చేరింది. కొందరు ఆయనకు దూరంగా, ఎదుటి అరుగుల మీద కూర్చున్నారు. చాలా ఇళ్లలో మగ్గాలు నడుస్తూనే ఉన్నాయని, అయితే షావుకారు నూలుతో నడుస్తున్నాయని వచ్చే దారిలోనే తెలిసింది. నేను నిలబడి చెప్పాను. ఆ రోజు ఈ వాడలో ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరూ ఎవరి మీదా చెప్పలేదు, కాకా నా దగ్గర డిపో గురించి మంచి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు, నేను వచ్చింది అమావాస్య నాడు, మగ్గాలు ఆగి ఉండటం చూసి అట్లాగే రాశాను, తప్పు నాది.

తర్వాత ఎదుటి అరుగు మీంచి ఒకాయన గట్టిగా అన్నాడు.

"గంత సదువుకున్న సారుకు అమాస నాడు మగ్గం నడ్వదని తెల్వదా?"

"సదువుకున్నందుకే తెల్వదు. బడిల అమాసకు సెలవిస్తరా ఏంది?" అన్నాడు ఇంకొకడు.

నవ్వు లేచింది. ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఎన్నాళ్లుగానో మాటలు లేని వాళ్లు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఒక ముసలాయన లేచి వచ్చి కాకా పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "తెల్వక రాసిండు, పాపం. సారు ఏం చేస్తడు?" అని ఎవరో అన్నారు. అందరూ నా వైపు చూశారు.

నేను తల ఊపాను.

"తెలియదు," అన్నాను. "నాకు తెలియదు."

గుమ్మంలో నిలబడ్డ కాకా భార్య ఒక అడుగు ముందుకు వచ్చింది. "తెల్వకేంది? మా ఇంట్ల కూసోనే గద, నేను..."

"నువ్వు లోపటికి పో," అన్నాడు కాకా. గొంతు పెంచలేదు. "సారుకు చాయ్ పెట్టు."

ఆమె నా వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్లింది. చాయ్ వచ్చింది. తాగాను.

పెద్ద రోడ్డు దాకా కాకా నాతో నడిచి వచ్చాడు. దగ్గు వస్తే ఆగుతూ, మళ్లీ నడుస్తూ. నేను ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"గిదే ముచ్చట కాయిదం మీద రాసి పైకి పంపుండ్రి సార్. తెల్వక రాసిన అనే రాయండ్రి. ఏం పర్వ లేదు. మా డిపో మాకొస్తె చాలు."

వారంలోపే రాశాను. డైరెక్టరు గారు అప్పటికి రిటైరై వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన ఎక్కువ అడగకుండానే సంతకం పెట్టారు. 'క్షేత్ర పరిశీలకునికి స్థానిక ఆచారం తెలియకపోవడం వల్ల' అని నేను రాసిన వాక్యం నా అధ్యాయంలోని వాక్యాల్లాగే శుభ్రంగా ఉంది. జవాబు రావడానికి చాలా నెలలు పట్టింది. నివేదికను ప్రభుత్వం ఎప్పుడో ఆమోదించింది కనుక పట్టికలను ఇప్పుడు మార్చడం కుదరదని, తెలియక జరిగిన చిన్న లోపాలు ఏ సర్వేలోనైనా ఉంటాయని, మళ్లీ ఎప్పుడైనా సర్వే జరిగితే ఈ విషయం గమనిస్తామని రాశారు.

ఆ కాగితం పట్టుకుని వాడకు వెళ్లాను. మామూలు రోజే. కాకా మగ్గం మీద ఉన్నాడు. పడుగు నూలు షావుకారుది, అంచు రంగు కూడా షావుకారు చెప్పిందే. నేను గుమ్మంలో నిలబడి ఉత్తరాన్ని తెలుగులో చెప్పాను. ఆయన నేత ఆపి అంతా విన్నాడు. ఆయన భార్య కండెలు చుట్టడం ఆపలేదు, తల ఎత్తలేదు.

"తెల్వక అనే రాసిండ్రా?" అని అడిగాడు.

"మీరు చెప్పినట్టే రాశాను కాకా."

"తెల్వక జరిగింది గనుక చిన్నది అంటాండ్రు."

"అవును."

ఆయన నన్ను ఇరుకున పెట్టాలని అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"మరి తెలిసి రాసిన, తెలిసి దాపెట్టిన అని రాస్తే ఏమైతుండె సార్? అప్పుడు గూడ మార్చకపోతుండ్రా?"

నాకు జవాబు తెలుసు. ఇన్వెస్టిగేటర్ తానే దాచాను, రాసింది చెరిపాను అని రాసిస్తే ఆ నివేదికను ఎవరూ అట్లాగే ఉంచలేరు. విచారణ వేయాలి, ఆ వాడకు మళ్లీ మనిషిని పంపాలి.

"అట్లా రాస్తే నా నౌకరి పోతుంది కాకా," అన్నాను.

"అవ్ మల్ల," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. పిల్లలున్న మనిషి నౌకరి ఎందుకు పోగొట్టుకుంటాడన్నట్టే అన్నాడు. "కూసోండ్రి, చాయ్ తాగి పోదురు," అన్నాడు.

కూర్చోలేదు. ఆయన తల వంచి, కాలి కింది చెక్క తొక్కి, నాడెను అటునుంచి ఇటు విసిరాడు. చప్పుడు మొదలైంది. ఇంక ఏం మాట్లాడినా వినబడదు కాబట్టి కొంచెంసేపు నిలబడి వచ్చేశాను.

ఆ తర్వాత అక్కడ సర్వే ఏదీ జరగలేదు. నేను సర్వీసు మొత్తం పూర్తి చేసుకుని రిటైరయ్యాను. ఫారాలు నింపిన ఆ రోజు అమావాస్య అని, మగ్గాలకు సెలవని నాకు అప్పుడే తెలుసు.